మీ సైన్స్ క్లాసు ఎలా నడుస్తోందో మీరే లెక్కగట్టండి: బోధనా శైలిని, దాని వెనకున్న కారణాన్ని పట్టుకోవడం ఎలా

"మీరు పాఠం ఎలా చెబుతారు?" అని సైన్స్ టీచర్‌ని అడిగితే ఎక్కువమంది "ప్రశ్నలడుగుతూ, పిల్లల్ని కలుపుకుంటూ" అనే అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. క్లాసులో ఉన్నంతసేపూ ధ్యాస పాఠం మీద, వెనక బెంచీ మీద, గడియారం మీద ఉంటుంది. మన గొంతు ఎంతసేపు వినిపించిందో మనకే తెలియదు.

ఇంకో చిక్కుంది. శైలి అంటే మనిషి స్వభావం అనుకుంటాం. ఒకే టీచర్ చెప్పిన రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి వింటే ఆ మాట నిలవదు. బాగా వచ్చిన పాఠంలో పిల్లలతో వాదనకు దిగే మనిషే, పట్టు లేని పాఠం వచ్చేసరికి పుస్తకం ముందు పెట్టుకుని నోట్సు చెప్పేస్తారు. అందుకే ముందు లెక్క, తర్వాత కారణం, ఆ తర్వాతే మార్పు. ఇది నాలుగు నుంచి ఆరు వారాల పని. ఒక ఫోను, గళ్ల కాగితం, పెన్ను చాలు.

మొదటి అడుగు: మూడు పీరియడ్లు రికార్డు చేయండి

ఆడియో చాలు. వీడియో పెడితే పిల్లలు కెమెరా కోసం, మీరు పిల్లల కోసం నటించడం మొదలవుతుంది. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మీ టేబుల్ మీద కాకుండా రెండో మూడో వరుస పక్కన కిటికీ గట్టు మీద ఉంచండి. టేబుల్ మీదుంటే మీ గొంతే మోగుతుంది, పిల్లల జవాబులు గొణుగుడులా వినిపిస్తాయి. బడిలో అనుమతి తీసుకోండి. ఎందుకు రికార్డు చేస్తున్నారో పిల్లలకు చెప్పండి. లెక్క అయిపోగానే చెరిపేయండి.

మొట్టమొదటి రికార్డింగు పక్కన పడేయండి. ఆ రోజు అందరూ బుద్ధిమంతులే. తర్వాతి మూడింటిని ఇలా ఎంచుకోండి: మీకు బాగా పట్టున్న పాఠం ఒకటి, పట్టు లేని పాఠం ఒకటి, ఈ రెండింట్లో ఏదో ఒకటి వేరే సెక్షన్‌లో చెప్పినప్పుడు మరోసారి. రివిజన్ రోజునీ, పూర్తిగా ల్యాబ్‌లో గడిచే రోజునీ వదిలేయండి.

రెండో అడుగు: తొంభై గుర్తులు

క్లాసులో మాటల్ని ఇలా అంకెల్లో పెట్టడం పాత పద్ధతే. అమెరికాలో విద్యా పరిశోధకుడు నెడ్ ఫ్లాండర్స్ 1960ల్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మొత్తం 10 గళ్లు, ప్రతి 3 సెకన్లకు ఒక గుర్తు. ఆ పదింటిలో 7 టీచర్ మాటకే, 2 విద్యార్థి మాటకు. నిశ్శబ్దం, గందరగోళం రెండూ కలిపి చివరి గడి. సైన్స్ క్లాసుకు ఇబ్బంది అక్కడే. పిల్లలు థర్మామీటర్ వంక చూస్తూ మౌనంగా ఉన్నా, ఎవరికీ ఏమీ అర్థం కాక మౌనంగా ఉన్నా ఒకే గడిలో పడతాయి. పైగా 3 సెకన్ల లెక్కకు శిక్షణ కావాలి.

కాబట్టి దాన్ని మనకు సరిపడేలా కుదించుకోండి. 45 నిమిషాల పీరియడ్‌లో మూడు ముక్కలు తీసుకోండి: 5 నుంచి 10వ నిమిషం, 20 నుంచి 25, 35 నుంచి 40. ప్రతి 10 సెకన్లకు ఆడియో ఆపి, ఆ క్షణాన ఏం జరుగుతోందో ఒక అక్షరం వేయండి. ముక్కకు 30 చొప్పున 90 గుర్తులొస్తాయి. అక్షరాలు ఇవి:

చె – మీరు వివరిస్తున్నారు
ప్ర – మీరు ప్రశ్న అడుగుతున్నారు
రా – నోట్సు చెబుతున్నారు, లేదా పిల్లలు బోర్డు చూసి రాసుకుంటున్నారు
వి – విద్యార్థి మాట్లాడుతున్నారు, మీతోనైనా పక్కవాళ్లతోనైనా (పాఠం గురించే)
ఆ – ఆలోచించడానికో, గమనించడానికో ఇచ్చిన మౌనం
సర్దు – హాజరు, గద్దింపు, సామాను పంచడం లాంటివి

ఒక్క ముక్క లెక్కించడానికి పావుగంట పడుతుంది. ఒకేసారి మూడూ కూర్చుని చేస్తే చివరిదానికి విసుగొచ్చి అన్నిటికీ 'చె' వేసేస్తారు. రోజుకొకటి చేయండి.

ఇప్పుడు అంకెలు చూడండి. కొత్త భావన మొదలుపెట్టిన రోజున 'చె' 50 దాటినా తప్పేమీ లేదు. వివరించాల్సినప్పుడు వివరించాలి. మూడు రికార్డింగుల్లోనూ 'ఆ' సున్నా అయితే మాత్రం ఆగి చూడండి. ఆలోచించమని చెప్పి, ఆలోచించడానికి వ్యవధి ఇవ్వలేదన్నమాట. 'వి' 20 ఉన్నా సంబరపడకండి, ఆ ఇరవైలో ఎంతమంది గొంతులు వినిపించాయో చూడండి. చాలాసార్లు ఇద్దరివే.

మూడో అడుగు: పది ప్రశ్నలు, పది విరామాలు

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు సరుకు ఇక్కడే ఉంది. రికార్డింగులో మొదటి పది ప్రశ్నల్ని ఉన్నదున్నట్టు రాయండి. 'ఊఁ', 'కదా?', 'అర్థమైందా?' కూడా రాయాల్సిందే. ఒక్కోదాని పక్కన రెండు సంఖ్యలు వేయండి: ప్రశ్న ముగిశాక మళ్లీ ఎవరైనా మాట్లాడేవరకు ఎన్ని సెకన్లు, విద్యార్థి ఆగాక మీరు అందుకునేవరకు ఎన్ని సెకన్లు.

సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970ల్లో సైన్స్ క్లాసుల టేపులు విని ఇదే లెక్క తీశారు. టీచర్లు సగటున సెకను కాలం మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని 3 సెకన్లకో, అంతకంటే ఎక్కువకో పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, నెమ్మదిగా నేర్చుకుంటారనుకున్న పిల్లలు కూడా నోరు విప్పారు. మరో సంగతేమిటంటే, ఆమె రెండో విరామాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు, అంటే పిల్లలు చెప్పాక టీచర్ ఆగేదాన్ని. అందరూ మర్చిపోయేది దాన్నే.

ఏ బడిలోనైనా వినిపించే ఒక ముక్క చూద్దాం. సిరీస్‌లో రెండు బల్బులున్న సర్క్యూట్ బోర్డు మీద ఉంది.

"ఇప్పుడు రెండో బల్బు తీసేశాననుకోండి, మొదటిది ఏమవుతుంది? ... వెలుగుతుందా, వెలగదా?"
"వెలగదు సార్."
"ఆఁ, వెలగదు. ఎందుకంటే దారి తెగిపోయింది కాబట్టి. సరే, ప్యారలల్‌లో..."

ఇదంతా పది సెకన్ల లోపే. మొదటి ప్రశ్న మంచిది, ఊహించమంటోంది. సెకనైనా ఆగకుండా దాన్ని అవును-కాదు ప్రశ్నగా కుదించేశారు. ఏమీ తెలియకపోయినా సగం సార్లు సరైన జవాబు తగిలే ప్రశ్న అది. పిల్లాడు చెప్పినదాన్ని టీచర్ తిరిగి పలికారు. ఇది రోజూ జరిగితే పిల్లలు ఒకరి మాట ఒకరు వినడం మానేస్తారు, సార్ ఎలాగూ మళ్లీ చెబుతారుగా! ఇక 'ఎందుకు' అనేది పిల్లవాడి నోట రావాల్సింది, దాన్నీ టీచరే చెప్పేశారు. "కరెంటు మొదటి బల్బులో ఖర్చయిపోతుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది" అనే అపోహ ఆ క్లాసులో ఎంతమందికుందో ఇక తెలిసే దారి లేదు.

మీ పది ప్రశ్నల్నీ మూడు కుప్పలు చేయండి: గుర్తుచేసుకుంటే సరిపోయేవి, ఊహించాల్సినవి లేదా కారణం చెప్పాల్సినవి, జవాబే అక్కర్లేనివి. "అర్థమైందా?" మూడో కుప్పలోకే పోతుంది, దానికి ఎక్కడైనా వచ్చే జవాబు "అర్థమైంది" ఒక్కటే.

నాలుగో అడుగు: పేరు పెట్టడం (ఐదు నిమిషాలు చాలు)

మనస్తత్వ శాస్త్రవేత్త ఆంథొనీ గ్రాషా 1990ల్లో బోధనా శైలుల్ని ఐదుగా చెప్పారు: విషయ నిపుణుడు, నియమాల అధికారి, తానే నమూనాగా చేసి చూపేవాడు, పక్కనుండి నడిపించేవాడు, పని అప్పగించేవాడు. ఏ టీచర్‌లోనైనా ఈ ఐదూ వేర్వేరు పాళ్లలో ఉంటాయనే ఆయనా అన్నారు. మీ మూడు కాగితాల పక్కన ఏ పేరు సరిపోతుందో రాసుకుని ముందుకు సాగండి. పేరు దొరకగానే "నేను ఇంతే" అనుకోవడం తేలిక, అందుకే ఎక్కువసేపు అక్కడ నిలబడొద్దు.

ఇదే ఊపులో పిల్లల్ని 'చూసి నేర్చుకునేవాళ్లు', 'విని నేర్చుకునేవాళ్లు' అని విడదీసి దానికి తగ్గట్టు పాఠం మార్చాలని అనిపిస్తే ఆ శ్రమ పడకండి. అలా జతచేసి చెబితే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది. బొమ్మ వేయాలా, మాటల్లో చెప్పాలా అన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది. కిరణ చిత్రాన్ని మాటల్లో చెప్పలేం కదా.

ఐదో అడుగు: కారణం ఏదో తేల్చండి

సైన్స్ టీచర్‌కి ఇది అలవాటైన పనే: ఒక్క అంశం మార్చు, మిగతావి అలాగే ఉంచు, తేడా చూడు. మూడు రికార్డింగులు తీయించింది ఇందుకే.

బలమైన పాఠంలో 'వి', 'ఆ' ఎక్కువగా ఉండి, బలహీనమైనదాంట్లో 'చె', 'రా' ఉబ్బితే కారణం విషయం మీద పట్టు. జీవశాస్త్రం చదివి భౌతికశాస్త్రం చెప్పాల్సి వచ్చినవాళ్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఊహించని జవాబు వస్తే ఏం చేయాలన్న బెరుకు వల్ల ఊహించని జవాబు రాని ప్రశ్నలే అడుగుతాం. అయితే ఇక్కడ పట్టు అంటే డిగ్రీ చదువు మాత్రమే కాదు. ఒక విషయాన్ని ఏ ఉదాహరణతో చెప్పాలి, పిల్లలు ఎక్కడ బోల్తాపడతారు, ఏ పోలిక దారి తప్పిస్తుంది అనేదొక వేరే జ్ఞానం. విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో దానికి ప్రత్యేకంగా పేరు పెట్టి చర్చకు పెట్టారు. గోల్డ్ మెడల్ ఉన్నవాళ్లకీ అది లేకపోవచ్చు.

ఒకే పాఠం రెండు సెక్షన్లలో వేర్వేరుగా నడిస్తే, కారణం మీలో కంటే క్లాసులో ఉంది: సంఖ్య, అల్లరి, లేదా రోజులో చివరి పీరియడ్ కావడం. 'సర్దు' గుర్తులు ఎక్కడ పడ్డాయో చూడండి. ప్రశ్న అడిగిన వెంటనే 'సర్దు' వస్తుంటే, అందరూ ఒకేసారి అరుస్తున్నారన్నమాట. గోల భయంతో ప్రశ్నలు తగ్గించేసే టీచర్లున్నారు.

మూడూ ఒకేలా ఉంటే? అప్పుడు రెండు అనుమానాలు. మొదటిది పరీక్షల ఒత్తిడి. పరీక్ష దగ్గరపడని నెలలో మరో రికార్డింగు తీసి పోల్చండి. తేడా ఉంటే కారణం దొరికినట్టే. రెండోది ఇంకా లోతైనది: మీకు చెప్పిన టీచర్లు. బడిలో వేల గంటలు విద్యార్థిగా కూర్చుని చూసినదే మనకు తెలియకుండా మన శిక్షణ అయిపోతుందని సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో రాశారు. మీకు నచ్చిన సైన్స్ టీచర్ బోర్డు ఎలా రాసేవారు, ప్రశ్న అడిగి ఏం చేసేవారు, తప్పు చెబితే ఏమనేవారు అని ఒక కాగితం మీద గుర్తుకొచ్చినంత రాసి, రికార్డింగుతో పోల్చండి. "సరే, ఇక్కడ చూడండి" లాంటి ఊతపదంతో సహా దొరకొచ్చు. ఆ అలవాట్లన్నీ చెడ్డవని కాదు. ఏవి మనం ఎంచుకున్నవో, ఏవి ఊరికే అంటుకున్నవో తెలియాలంతే.

పరికరాలు లేకపోవడాన్ని కావాలనే చివర పెట్టాను. అది నిజమైన అడ్డంకే, కానీ చెప్పుకోవడానికి సులువైనది కూడా. దాన్ని ఇలా తేల్చుకోండి: సామాను ఉన్న పాఠంలో 'వి', 'ఆ' పెరుగుతున్నాయా? పెరగకపోతే లోటు సామానుది కాదు.

ఆరో అడుగు: ఒక్కటే మార్చండి

దొరికిన కారణాన్ని బట్టి మందు. పట్టు సమస్యైతే ముందు రోజు ఒక పేజీ రాయండి: ఈ పాఠంలో పిల్లలకు మిగలాల్సిన ఒక్క ఆలోచన, వాళ్లు తప్పుగా అనుకునేవి రెండు, ఆ తప్పును బయటపెట్టే ప్రశ్న ఒకటి. గోల సమస్యైతే చేతులెత్తించడం మానేసి, అందరినీ జవాబు రాయమని ఆపైన మీరే పేరు పిలవండి. పరీక్ష సమస్యైతే పరీక్షల్లో వచ్చే ప్రశ్ననే ముందు ఊహించమని ఇవ్వండి. సిలబస్ ఆగదు, ఆలోచనా ఆగదు.

ఏ కారణమైనా అందరికీ పనికొచ్చే అభ్యాసం ఊహించు-గమనించు-వివరించు. 1990ల తొలినాళ్ల నుంచి సైన్స్ విద్యా పరిశోధకులు రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ రచనల ద్వారా బాగా వాడుకలోకొచ్చింది. దీనికి 15 నిమిషాలు చాలు. కొవ్వొత్తి ప్రయోగంతో చేసి చూడండి, శైలి మారితే సైన్స్ కూడా ఎలా మారుతుందో అందులో తెలిసిపోతుంది.

కావలసినవి: 20 సెం.మీ. వెడల్పున్న పళ్లెం, 300 మి.లీ. నీళ్లు, వెనక బెంచీకి కనిపించడానికి నాలుగు చుక్కల సిరా, 12 నుంచి 15 సెం.మీ. ఎత్తున్న గాజు గ్లాసు, 4 సెం.మీ. ఎత్తు సన్నని కొవ్వొత్తులు మూడు, రెండు నాణేలు. కొవ్వొత్తిని పళ్లెం మధ్యలో మైనంతో అతికించి నీళ్లు పోయండి. గ్లాసు అంచు కింద నాణేలు ఉంచితే నీళ్లు లోపలికి పోవడానికి సందు ఉంటుంది. మంటకూ గ్లాసు అడుగుకూ కనీసం 5 సెం.మీ. ఎడం లేకపోతే గ్లాసు పగలొచ్చు. నీళ్లు తక్కువైతే సగంలోనే గాలి దూరి నీటిమట్టం ఆగిపోతుంది.

అలవాటైన శైలిలో ఇలా జరుగుతుంది: గ్లాసు బోర్లిస్తారు, మంట ఆరుతుంది, నీళ్లు పైకొస్తాయి. "ఎందుకు?" "ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి." "వెరీ గుడ్, గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ అని దీంతో రుజువైంది." వినడానికి చక్కగా ఉంది, కానీ తప్పు. మంట ఆరేటప్పటికి గ్లాసులో ఆక్సిజన్ చాలానే మిగిలి ఉంటుంది. ఖర్చైన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ కొంత చేరుతుంది. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోవడమే నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం. ముందే జవాబు చెప్పేసి రుజువుగా ప్రయోగం చూపే శైలిలో ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా నడుస్తుంది, ఎందుకంటే చూడాల్సింది చూడమని ఎవరూ అడగరు.

ఇప్పుడు రెండో దారి. గ్లాసు చేతిలోనే ఉంచి అడగండి: "నీళ్లు ఎక్కేది మంట వెలుగుతుండగానా, ఆరాకా?" రెండు నిమిషాలు, ప్రతి ఒక్కరూ కారణంతో సహా రాయాలి. మూడు నిమిషాలు పక్కవారితో వాదన. మీరు నోరు మెదపొద్దు, ముఖంలో కూడా ఏమీ కనిపించనివ్వొద్దు. తర్వాత గ్లాసు బోర్లించండి. అంచు దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. మంట ఆరిన తర్వాతే నీళ్లు వేగంగా ఎక్కడం వాళ్లకే కనిపిస్తుంది. వెంటనే రెండో ప్రశ్న: "మూడు కొవ్వొత్తులు పెడితే?" ఆక్సిజన్ వాదం నిజమైతే మట్టం అంతే ఉండాలి, గ్లాసు అదే కదా. చేసి చూడండి. మూడింటితో మరింత పైకి ఎక్కుతుంది. ఇక వివరణకు ఐదు నిమిషాలివ్వండి. ముందుగా "ఆక్సిజన్" అని రాసినవాళ్లనే అడగండి, ఎగతాళి లేకుండా: "చూసింది నువ్వు రాసినదాంతో సరిపోయిందామ్మా? లేకపోతే ఏం మార్చుకుంటావు?"

ముందు రోజు సాయంత్రం ఈ ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు చేసుకోండి. గ్లాసును నెమ్మదిగా దించితే ఒకలా, చటుక్కున దించితే ఇంకోలా వస్తుంది. అది క్లాసులో మొదటిసారి కనిపించి కంగారుపడే బదులు, "దించే వేగం మారిస్తే?" అని మూడో ప్రశ్నగా పిల్లలకే ఇవ్వొచ్చు.

ఏడో అడుగు: మొదటి రెండు వారాల్లో ఏం చెడుతుంది

మూడు సెకన్లు ఆగితే పిల్లలు ముందు బెదురుతారు. సార్‌కి కోపమొచ్చిందనుకుంటారు. "ఇకనుంచి అడిగాక ఆగుతాను, అది మీరు ఆలోచించడానికి" అని ముందే చెప్పేయండి. మీకూ ఆ మూడు సెకన్లు మూడు నిమిషాల్లా ఉంటాయి. మనసులో మూడు లెక్కపెట్టుకుంటే వేగంగా లెక్కపెట్టేస్తాం, అందుకని బోర్డు దగ్గర్నుంచి మొదటి బెంచీ దాకా నడిచి రండి.

సరైన జవాబు రాగానే "గుడ్" అనడం మరో గుంత. ఆ మాటతో మిగతా అందరి ఆలోచనా ఆగిపోతుంది. "ఇంకెవరైనా వేరేలా రాశారా?" అని అడగండి, జవాబు సరైనదైనప్పుడు కూడా. తప్పైనప్పుడే అలా అడిగితే రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు.

గ్రూపు పనిలో ఒకరు చేస్తే ముగ్గురు చూస్తారు. నలుగురికి మించొద్దు. చేతులు పెట్టేవారు, కొలిచేవారు, రాసేవారు, ఆఖర్న చెప్పేవారు అని పనులు పంచి, వారం వారం మార్చండి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఒక్కసారిగా దూకడం. నిన్నటిదాకా నోట్సు రాయించి, ఇవాళ "మీకు నచ్చిన ప్రశ్న తీసుకుని మీరే పరిశోధించండి" అంటే క్లాసు చెదిరిపోతుంది, "ఇవన్నీ మా పిల్లలకు కుదరవు" అని మీరు తేల్చేస్తారు. మెట్లు వేసుకోండి: మొదట ప్రశ్న, పద్ధతి మీవి, జవాబు వాళ్లది. తర్వాత ప్రశ్న మాత్రమే మీది. చివరికి ప్రశ్న కూడా వాళ్లది. ఒక్కో మెట్టు మీద మూడు నాలుగు పాఠాలు గడవనివ్వండి.

ఎనిమిదో అడుగు: మళ్లీ లెక్క

నాలుగు వారాల తర్వాత బలహీనమైన పాఠాల్లోనే మరోదాన్ని రికార్డు చేసి, అవే ముక్కల్లో 90 గుర్తులూ, పది ప్రశ్నలూ వేయండి. ఈసారి బలమైన పాఠాన్ని రికార్డు చేసి పోలిస్తే మార్పు ఎంతైనా కనిపిస్తుంది, అది మోసం. 'ఆ' సున్నా నుంచి 5కి వచ్చినా, ఊహించమనే ప్రశ్నలు పదిలో ఒకటి నుంచి మూడైనా మంచి కదలికే. అంకెలు కదలకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నించాలని కాదు, ఐదో అడుగులో కారణం తప్పు పట్టుకున్నారని. రెండు కాగితాలూ లెసన్ ప్లాన్ పుస్తకంలో ఆ పాఠం దగ్గరే అంటించండి. మరుసటి ఏడు అదే పాఠం చెప్పే ముందు రోజు అవే ముందు కనిపించాలి.